పైనుంచి చూసిన చేను

“బల్ల తియ్యమన్నాను గానీ, నీ ఉద్యోగం తియ్యమన్నానా?” అన్నాడు ఉదయభాస్కర్.

“హాల్లోంచి తీసి ఎక్కడ పెట్టను నాన్నా? నా గదిలో నెట్ ఆగి ఆగి వస్తుంది. మామ్మ గదిలో పెడితే మామ్మ ఊరుకోదు. వంటింట్లో పెట్టనా?” అంది శ్రీదివ్య.

“పెట్టవే, గ్యాసు పొయ్యి పక్కనే పెట్టు. మీ అమ్మ ఓ చేత్తో పోపు వేసుకుంటూ ఇంకో చేత్తో విమానం తోలుకుంటుంది,” అంది మామ్మ. ఆవిడ పేరు అమ్మణ్ణి. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

ఈ తగువు నిన్న భోజనాల దగ్గర మొదలై, ఇంటిల్లిపాదితో పాటు నిద్రపోయి, పొద్దున్న కాఫీల దగ్గర మళ్ళీ లేచింది. తగువంతా హాల్లో మూలనున్న బల్ల గురించి. దాని మీద పెద్ద తెర, తెర ముందు జాయ్‌స్టిక్, బల్ల కింద రెండు పెడళ్ళు. వాటికి ఎదురుగా, రాజమండ్రిలో పాత కార్ల సామాన్లమ్మే కొట్లో కొనుక్కొచ్చిన డ్రైవరు సీటు. శ్రీదివ్య హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పనిచేస్తుంది. కంప్యూటర్ ఆటల్లో కనబడే ఇళ్ళూ, లారీలూ, వీధి దీపాలూ తయారుచేయడం ఆ పిల్ల ఉద్యోగం. ఆ పని ముగిశాక మిగిలిన పొద్దంతా అక్కడే కూర్చుని, సొంతంగా ఒక పాత విమానాన్ని తయారుచేస్తోంది. ప్రతి బోల్టూ నిజమైనదానిలాగే ఉండి, తెరమీద నిజమైనదానిలాగే ఎగిరే విమానం.

“రేపు అచ్చిబాబు బావా, వేణీ వస్తున్నారు,” ఉదయభాస్కర్ గొంతు పెంచాడు. “ముఖ్యమైన పని మీద వస్తున్నారు. ఇల్లు ఇల్లులా కనబడాలి. ఇది ఇల్లా, లారీ షెడ్డా?”

“వచ్చేది మా అన్నయ్యేగా. పెళ్ళిచూపులకి వస్తున్నారా ఏంటి, అంత సర్దడానికి?” వంటింట్లోంచి అంది శ్రీదివ్య తల్లి ప్రసన్నలక్ష్మి.

“నువ్వు దాన్ని వెనకేసుకురాకు.”

“వెనకేసుకురావడం కాదండీ. మొన్నమొన్నటిదాకా మన ఎరువుల కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ ఫోన్లో చూపించారు, మా అమ్మాయి విమానం చేస్తోందని. ఇంతలోకే అదేం పాపం చేసింది?”

ఉదయభాస్కర్ ఎరువుల కొట్టు తాళాలు తీసుకుని బయటకి నడిచాడు. బండి ఎక్కాక వెనక్కి తిరిగి, “సాయంత్రం నేనొచ్చేసరికి అది అక్కడ ఉండకూడదు,” అన్నాడు.

ముఖ్యమైన పని అంటే ప్రసన్నలక్ష్మి సంతకం.

ఆమె పెళ్ళికి తండ్రి గున్నేశ్వరరావు, ఉప్పాడకి ఇవతలున్న తమ పల్లెలో ఒక మూడు మూలల చేను పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. పేరు ఆమెది, సాగు అన్న అచ్చిబాబుది. మొదట్లో పంట ఇంటికి రాగానే బియ్యం బస్తాలు వచ్చేవి. తండ్రి పోయిన కొన్నాళ్ళకి, సముద్రం ఒడ్డును కోసుకుంటూ లోపలికి వచ్చేస్తోందనీ, చేనుకి చౌడు పట్టిందనీ, గడ్డి కూడా మొలవడం లేదనీ అచ్చిబాబు చెప్పాడు. బియ్యం ఆగిపోయాయి. ప్రసన్నలక్ష్మి ఎందుకని అడగలేదు. పసుపు కుంకుమ చేను గట్టు మీదకి ఆడపిల్ల వెళ్ళి నిలబడితే అన్నదమ్ముల్ని లెక్క అడిగినట్టేనని ఆ వైపు ఇళ్ళల్లో పట్టింపు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆమె వసారాలో కూర్చుని, భోంచేసి, బొట్టు పెట్టించుకుని తిరుగు బస్సెక్కేది. చేలవైపు దారి తొక్కేది కాదు. అలా తొక్కకపోవడం తన గొప్పతనమని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇప్పుడు ఆ ముక్కని తన పేర రాసిచ్చెయ్యమంటున్నాడు అచ్చిబాబు. “పనికిరాని నేల నీ పేర ఉంటే ఎంత, నా పేర ఉంటే ఎంత చెల్లెమ్మా? నా చేలో కలుపుకుంటే నడిమి గట్టు తీసేస్తాను, అంతే,” అన్నాడు ఫోన్లో. ఆమె సరేనంది. నాన్న చేతి మీదుగా వచ్చినది పోతోందని ఆ పూట అన్నం సయించలేదు గానీ, సరేనంది. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాలి.

కాదంటే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండిళ్ళదీ కుండమార్పిడి. ఒకే పందిట్లో ఒకే ముహూర్తానికి ఉదయభాస్కర్ ప్రసన్నలక్ష్మి మెడలో తాళి కట్టాడు, అతని చెల్లెలు వీరవేణి మెడలో ప్రసన్నలక్ష్మి అన్న అచ్చిబాబు కట్టాడు. అప్పట్నుంచీ ఇక్కడ ఒక మాట తూలితే అక్కడ వీరవేణి ఏడుస్తుంది. అక్కడ కంచం విసిరితే ఇక్కడ ప్రసన్నలక్ష్మి ముందు అన్నం చల్లారిపోతుంది. ఇద్దరూ ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకుంటూ, నిండు బిందెలు మోసేవాళ్ళలా మసిలేవారు. ఏడాదికి రెండు మూడుసార్లు వీరవేణి థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి రొయ్యలు పంపేది. “మా వదిన మనసు పెద్దది,” అని ప్రసన్నలక్ష్మి చుట్టుపక్కల చెప్పి, గిన్నెడు కూర పక్కింటికి కూడా ఇచ్చేది.

మధ్యాహ్నం అమ్మణ్ణి తన గదిలో కునుకు తీస్తుండగా శ్రీదివ్య వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ఒక్కసారి రావే. వచ్చే వారం దీన్ని నెట్‌లో పెట్టేస్తున్నాను. ఎవరైనా దింపుకుని నడుపుకోవచ్చు. నువ్వు ఎక్కకుండా వదలడం నాకిష్టం లేదు.”

“బల్ల తియ్యమన్నారు కదే నాన్న?”

“తీసేలోపల ఒక్కసారి.”

విమానం పేరు కృషక్. బెంగుళూరులో తయారైన చిన్న సైనిక విమానం. ఇప్పుడు ఎగరడం లేదు. రెక్కలు నెత్తిమీద ఉంటాయి, కిందకి చూడ్డానికి అడ్డం రాకుండా. మెల్లగా, తక్కువ ఎత్తులో తిరుగుతూ, ఎవరెక్కడ దాక్కున్నారో, మన ఫిరంగి గుండు ఎక్కడ పడిందో చూసి రేడియోలో చెప్పడం దాని పని. గున్నేశ్వరరావు మిలటరీలో ఆ విమానాలకి మెకానిక్‌గా ఉండేవాడు. ఇంకో జత కళ్ళుంటే మంచిదని పైలట్ అప్పుడప్పుడు పక్క సీట్లో ఎక్కించుకునేవాడట. “మేం ఎవర్నీ కొట్టమమ్మా. చూస్తాం. చూసింది చూసినట్టు చెబుతాం. అంతవరకే మా డ్యూటీ,” అనేవాడు ఇంటికొచ్చాక. అమ్మణ్ణి మాత్రం వచ్చినవాళ్ళ ముందు, “మా వియ్యంకుడు యుద్ధంలో విమానం అద్దాలు తుడిచాడండీ,” అని నవ్వేది.

తుడిచిన మాట నిజమే. శ్రీదివ్య మొదట్లో ఆ విమానం పక్క అద్దం మీద సన్నటి గీతలు వేసింది, పాతదిలా కనబడాలని. ప్రసన్నలక్ష్మి చూసి, “తాతయ్య ఉండగా ఆ అద్దానికి గీతా? పడనిచ్చేవాడు కాదు. గీత పడితే కింద మనిషేదో మొద్దేదో తెలీదని పాత పంచె ముక్కతో తుడిచేవాడట,” అంది. శ్రీదివ్య ఆ గీతలన్నీ చెరిపేసింది. పెడళ్ళ దగ్గర రంగు లేచిన రేకూ, కుట్టు విడిన సీటూ, సొట్టపడిన తలుపూ అలాగే ఉంచింది. అద్దం ఒక్కటే కొత్తగా ఉంటుంది.

ప్రసన్నలక్ష్మి డైనింగు కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. మధురపూడి రన్‌వే కిందకి జారిపోయింది. కాసేపటికి గోదావరి కనబడింది, మధ్యలో ఇసుక మేటలు వేసిన లంకలతో. వరసగా వంతెనలు. అవతలి ఒడ్డున కొవ్వూరు.

“మన ఇల్లేదే?”

“అదిగో, గోష్పాద రేవు వెనకాల. అంత చిన్నది కనబడదులే.”

ప్రసన్నలక్ష్మి నవ్వింది. కాసేపు చూసి, “తాతయ్య ఊరు పోనిస్తావా?” అంది.

“అరగంట పడుతుందమ్మా. ఇది జెట్టు కాదు.”

“పడనీ. నాకిప్పుడేం పని?”

సంతకం పెట్టేలోపల ఒక్కసారి ఆ చేను చూడాలని ఆమెకి ఉంది. గట్టు మీద నిలబడకుండా, ఎవర్నీ లెక్క అడగకుండా చూడ్డానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది అనుకుంది.

సామర్లకోట దాటారు. రైలు పట్టాల వెంట పిఠాపురం దాటారు. దూరంగా సముద్రం గీతలా వచ్చి, దగ్గరయ్యేకొద్దీ వెడల్పయింది. కోతకి అడ్డం పోసిన నల్లరాళ్ళు ఒడ్డు పొడుగునా కనబడ్డాయి. ప్రసన్నలక్ష్మి తెరకి దగ్గరగా వంగింది. నాన్న గుర్తులు చెప్పి ఉంచాడు. పైనుంచి చూస్తే మన ఊళ్ళో మూడు మూలల చేను నీదొక్కటేనమ్మా, ఒకవైపు మురుగు కాలువ వంపు, ఇంకోవైపు తాటిచెట్ల వరస, ఎంత ఎత్తునుంచైనా నేను పోల్చుకుంటాను అనేవాడు.

కాలువ వంపు దొరికింది. తాటిచెట్లు దొరికాయి. వాటి మధ్య మూడు మూలలూ దొరికాయి. కానీ లోపల చేను లేదు. చౌడు తెలుపు కూడా లేదు. ముదురాకుపచ్చ నీళ్ళు, నీళ్ళ మధ్య గట్లు.

“ఇదేంటే, నీళ్ళు?”

“రొయ్యల చెరువులమ్మా. ఆ తెల్లటి చుక్కలు చూడు, ఏరేటర్లు. నీళ్ళని చిలికి గాలి పట్టిస్తాయి.”

“నువ్వు వేశావా అవి?”

“నేనెందుకు వేస్తాను! విమానం ఒక్కటే నాది. కింద నేలంతా శాటిలైట్ ఫొటో.”

“వానలప్పుడు తీసిన ఫొటో అయ్యుంటుంది. వరద నీళ్ళేమో.”

“వరద ఇలా గళ్ళుగళ్ళుగా వస్తుందా అమ్మా?”

“ఎప్పటి ఫొటో?”

శ్రీదివ్య ఏదో నొక్కి చూసింది. “రెండేళ్ళ కిందటిది.”

రెండేళ్ళ కిందట కూడా అన్నయ్య ఇదే హాల్లో కూర్చుని, ఇంకా గడ్డి కూడా మొలవడం లేదనే చెప్పాడు. ఆమె అతనికి మజ్జిగ ఇచ్చి, “పోన్లే అన్నయ్యా, నువ్వేం చేస్తావు,” అంది.

“ఇంకొంచెం కిందకి పోనీ.”

శ్రీదివ్య పోనిచ్చింది. గట్టు చివర నీలం రేకుల షెడ్డు. దాని ముందు దాకా కంకర రోడ్డు. కరెంటు స్తంభాలు.

“ఇంకో చుట్టు తిప్పు.”

తిప్పింది. రెండో చుట్టు సగంలో ఉండగా శ్రీదివ్య తెరమీంచి కళ్ళు తీయకుండానే అంది, “ఇది నీ చేననా అమ్మా? నాకు తెలీదు. మొన్న ఇక్కడే తిప్పుతుంటే నాన్న వెనకాల నిలబడి చూశారు. ‘అక్కడెందుకు, రాజమండ్రి మీద తిప్పుకో’ అన్నారు. మర్నాటి నుంచే బల్ల గొడవ.”

అప్పుడే గది తలుపు తీసుకుని అమ్మణ్ణి వచ్చింది. “ఏంటే ఆ రొద, పట్టిన నిద్ర కాస్తా పోయింది,” అంటూ కోడలి భుజం మీంచి తెరమీదకి చూసింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకా దగ్గరగా చూసింది.

“మా వేణి చెరువులే! సినిమాలోలా ఎంత బాగా పడ్డాయే!”

ప్రసన్నలక్ష్మి కుర్చీలోనే వెనక్కి తిరిగింది.

“ఇవి వేణి వదిన చెరువులని మీకెలా తెలుసు అత్తయ్యగారూ?” అంది ప్రసన్నలక్ష్మి.

“తెలియకపోవడమేంటి, కరోనాకి ముందు తవ్వినప్పుడు నేనూ నా కొడుకూ వెళ్ళి కొబ్బరికాయ...” అమ్మణ్ణి ఆగిపోయింది. ఆ తర్వాత, ఆగినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు, “అయినా ఇప్పుడు కొత్తగా అడుగుతావేంటమ్మాయ్? ఆ రొయ్యలు నువ్వు వలిచినవేగా, నువ్వు వండినవేగా, మాతో పాటు నువ్వూ తిన్నవేగా?” అంది.

ప్రసన్నలక్ష్మి తన చేతివేళ్ళు చూసుకుంది. రొయ్యలు వలిచిన రోజు ఎంత చింతపండు పెట్టి రుద్దినా ఆ వాసన మర్నాటిదాకా పోదు. ఆ వేళ్ళతోనే ప్రతిసారీ వీరవేణికి ఫోన్ చేసి, “ఎందుకు వదినా నీకంత శ్రమ,” అనేది. వీరవేణి, “దానిదేముంది వదినా,” అనేది.

సాయంత్రం ఉదయభాస్కర్ వచ్చేసరికి బల్ల ఉన్నచోటే ఉంది. అతను బల్లనీ, భార్యనీ చూశాడు. చెప్పులు విప్పడానికి ఎప్పుడూ లేనంతసేపు పట్టింది.

“తెలిసిపోయిందా?” అన్నాడు.

“మీకెప్పట్నుంచి తెలుసో చెప్పండి చాలు.”

“బావ తవ్వుతానన్నప్పుడే తెలుసు. నీకు చెప్పి తవ్వమన్నాను. చెబితే నువ్వు మీ నాన్న పొలం అని పట్టుబడతావన్నాడు. అప్పటికి వాళ్ళ పరిస్థితి బాలేదు. వేణి రోజూ ఫోన్లో ఏడుపు. చెరువులొచ్చాక అది ఏడవడం నువ్వెప్పుడైనా విన్నావా?”

“చౌడు పట్టిందని మా అన్నయ్య ఈ హాల్లో కూర్చుని చెబుతుంటే మీరు పక్కనే ఉన్నారు. ‘అవును ప్రసన్నా, నేనూ చూశాను’ అన్నారు.”

“అన్నాను.”

“ఇప్పుడు సంతకం ఎందుకు?”

“లైసెన్సుకీ కరెంటు కనెక్షనుకీ కాయితం బావ పేర ఉండాలట. ఇన్నాళ్ళూ ఎలాగో నడిచింది, ఇంక నడవదట,” అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు, “నా చెల్లెలు బాగుండాలనుకోవడం తప్పా ప్రసన్నా? నీకిక్కడ ఏం తక్కువైంది చెప్పు? తిండికా, బట్టకా?”

ఏం తక్కువైందో ఆమె వెతికింది. నిజంగానే తిండికీ బట్టకీ తక్కువ కాలేదు. అతను ఆమెని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. జ్వరమొస్తే రాజమండ్రి తీసుకెళ్ళి మంచి డాక్టరుకి చూపించాడు. ఆ మంచితనమంతా ఆమెని చేను గట్టుకి ఇవతలే నిలబెట్టి చేసిందేనని ఇప్పుడు కనబడింది. వంటింట్లోకి వెళ్ళి రాత్రికి చపాతీ పిండి కలిపింది.

మర్నాడు ఆదివారం పది దాటాక అచ్చిబాబు కారు ఆగింది. ముందు అతని నవ్వు వచ్చింది, తర్వాత అతను. వెనకాల వీరవేణి, ఒక చేతిలో బట్టల కొట్టు సంచి, ఇంకో చేత్తో థర్మోకోల్ పెట్టె.

“చెల్లెమ్మా, మీ వదిన దగ్గరుండి నేయించింది, ఉప్పాడ జరీ. కట్టుకుని చూడు, రేపు రిజిస్ట్రారుగారు సంతకం మానేసి చీర చూస్తాడు,” అన్నాడు.

“లోపల పెట్టించు వదినా, ఐసు కరుగుతోంది,” అని వీరవేణి పెట్టె అందించింది.

ప్రసన్నలక్ష్మి పెట్టె అందుకుని వసారాలో చెప్పుల పక్కన పెట్టింది. వీరవేణి పెట్టెవైపు ఓసారి చూసి లోపలికి నడిచింది.

భోజనాల దగ్గర పప్పుచారూ, వంకాయ కూరా చూసి అచ్చిబాబు, “ఇదేంటే, పెట్టెడు రొయ్యలు తెస్తే వంకాయ పెట్టావు? బావకి రొయ్యలు పడ్డం లేదా?” అన్నాడు.

“నాకు పడ్డం లేదన్నయ్యా.”

“ఎప్పట్నుంచి?”

“నిన్నటి నుంచి.”

ఉదయభాస్కర్ తలొంచుకుని పప్పుచారు కలుపుతున్నాడు. అమ్మణ్ణి అతనికి నెయ్యి వడ్డించి, మళ్ళీ వడ్డించింది.

చేతులు కడుక్కుని వస్తూ అచ్చిబాబు బల్ల చూశాడు. “ఇదేనా మా నాన్న విమానం? దివ్యా, మేనమామని ఎక్కించవే. టిక్కెట్టు ఎంత?”

శ్రీదివ్య తల్లివైపు చూసింది. “ఎక్కించు. మావయ్యకి ఊరు చూపించు,” అంది ప్రసన్నలక్ష్మి.

డ్రైవరు సీట్లో మేనమామని కూర్చోబెట్టి శ్రీదివ్య పక్కనుంచి చెయ్యి వేసి నడిపింది. ఈసారి మధురపూడి నుంచి కాదు, నేరుగా కాకినాడ బీచి రోడ్డు మీద మొదలుపెట్టింది. అచ్చిబాబు చిన్నపిల్లాడిలా అయిపోయాడు. “అదిగో, అదిగో మన రాళ్ళకట్ట! వేణీ, ఇలా రా, మన ఊరి గుడి చూడు. నాన్న ఉండి ఉంటే...” అన్నాడు. నిజంగానే తడిసిన కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి కాలువ వంపు వచ్చింది. తాటిచెట్లు వచ్చాయి. విమానం ఎడమవైపు ఒరిగింది. నున్నటి పక్క అద్దంలో మూడు మూలల నీళ్ళు నిండాయి.

శ్రీదివ్య ఇంకో చుట్టు తిప్పింది.

“చాల్లే, దింపెయ్యవే,” అన్నాడు అచ్చిబాబు.

అతను సీట్లోంచి లేచి బావవైపు చూశాడు. “నువ్వు చెప్పావా?”

“నేనేం చెప్పలేదు బావా.”

“చెప్పకపోతే దీనికెలా తెలుస్తుంది? ఆడపిల్లకి పొలం గొడవ తలకెక్కించి, కాయితం టైముకి నాటకం ఆడతారా తల్లీ కూతుళ్ళు?” అచ్చిబాబు మొహం ఎర్రబడింది. “ఆ చౌడులో లక్షలు పోసి తవ్వింది నేను. రాత్రింబవళ్ళు గట్టు మీద కాపలా పడుకుంది నేను. నువ్వు ఒక్కనాడైనా అటు తొంగి చూశావా?”

“చూడలేదన్నయ్యా. చూడకూడదనుకున్నాను.”

“మరింకేం? రేపు సంతకం పెట్టకపోతే నీకు పుట్టిల్లు లేదనుకో. నేనూ లేననుకో.”

వీరవేణి గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది. “నాకు మనసొప్పేది కాదు వదినా,” అంది, చీర కొంగు నలుపుతూ. “చెప్పెయ్యండని ఎన్నోసార్లు అన్నాను. వినలేదు. అందుకే చెరువుల్లో వలేసిన ప్రతి పట్టుబడికీ మంచి రొయ్యలు ఏరి నీకు పంపేదాన్ని. నీ భాగం నీకు పోవాలని.”

ప్రసన్నలక్ష్మి ఆమెవైపు చాలాసేపు చూసింది. రెండిళ్ళల్లోనూ తనకి కాస్తో కూస్తో జాలి చూపించింది ఈవిడేనని, ఆ జాలి ఐసులో వచ్చేదని అర్థమైంది.

“వేణిని మనింటికి పంపించేస్తాడు ప్రసన్నా,” అన్నాడు ఉదయభాస్కర్ మెల్లగా. “ఆలోచించు. అన్నీ నీ చేతిలో ఉన్నాయి.”

“ఆవిడ ఏడవకుండా ఇన్నేళ్ళూ నన్ను కాపలా పెట్టారు. ఇంక మీరు చూసుకోండి,” అంది ప్రసన్నలక్ష్మి.

తెరమీద కృషక్ ఎక్కడో దిగి ఉంది. శ్రీదివ్య ఇంజను ఆపలేదేమో, చిన్నగా కొట్టుకుంటోంది.

ప్రసన్నలక్ష్మి లోపలికెళ్ళి అందరికీ కాఫీ కలిపి తెచ్చింది. అన్నకి పంచదార ఎక్కువ, భర్తకి తక్కువ, అత్తగారికి పంచదార లేకుండా. ఎవరిది వాళ్ళకి అందించింది. ఉప్పాడ చీర సంచి మడత విప్పకుండానే వీరవేణి పక్కన పెట్టింది. తర్వాత ఖాళీ పళ్ళెం పట్టుకుని, అందరికీ వినబడేంత గొంతుతో, అంతకంటే ఎక్కువ కాకుండా చెప్పింది.

“రేపు నేను రిజిస్ట్రారు ఆఫీసుకి రావడం లేదు. పొద్దున్న బస్సుకి చేను దగ్గరికి వెళ్తున్నాను. ఈ పట్టుబడి అయ్యేదాకా ఆ నీలం రేకుల షెడ్డులోనే ఉంటాను. ఆ తర్వాత చెరువులుంచాలో పూడ్చాలో నేనే చూసుకుంటాను. ఎవరూ తోడు రానక్కర్లేదు. ఆ బల్ల అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ కదపకండి. ఫ్రిజ్‌లో రెండు పూటలకి ఇడ్లీ పిండి ఉంది.”